చేతికంటిన మెతుకులు

అశోక్‌నగర్, హైదరాబాద్
18 జూన్ 2025

నా పిట్టా,

అమ్మను రాస్తున్నాను. ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "డ్యూటీల ఉన్న, మళ్ల చేస్త" అంటావు, ఆ మళ్ల రానే రాదు. గుండ్లవాగు అడవిలో సిగ్నల్ నువ్వు పనిచేసే దవాఖాన మిద్దె మీదనే దొరుకుతుందని నువ్వే చెప్పినావు. మిద్దె ఎక్కే తీరిక లేకున్నా ఉత్తరమైతే కింద కూర్చొని చదువుకుంటావని రాస్తున్నాను. నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పుడు నాకు అక్షరాలు నేర్పుతూ, "మాట్లాడినట్టు రాయొద్దమ్మా, పుస్తకంల ఉన్నట్టు రాయాలె" అని నా వేళ్ల మీద స్కేలుతో కొట్టేదానివి. అందుకే జర పుస్తకంలో ఉన్నట్టు రాయాలని చూస్తున్నాను. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్దకు, చూసీ చూడనట్టు పో.

ఇక్కడ మెస్సులో పని పెరిగింది. సర్కారు నౌకరీల పరీక్షలకు చదివే పిల్లలతో గల్లీలన్నీ మళ్లీ నిండిపోయినాయి. మధ్యాహ్నం రెండు వందల మందికి అన్నం. పొయ్యి దగ్గర నేనూ పద్మా ఇద్దరమే. మీ నాయన వాచ్‌మన్‌గా ఉన్న అపార్టుమెంటులో లిఫ్టు చెడిపోయింది. ఆయనే విరగ్గొట్టినట్టు అందరూ ఆయన మీద ఎగురుతున్నారు. ఆయన సంగతి నీకు తెలుసు కదా, దాసయ్యకు నోరుందని ఆ దేవుడికి కూడా తెలియదు.

ఇక అసలు మాట. సోమవారం మెస్సు ఓనరు మనోరమమ్మ పేపరు తెచ్చి చూపించింది. ఇందిరాపార్కు దగ్గర ధర్నా చేస్తున్న చిన్న డాక్టర్ల ఫోటో. రెండో వరుసలో నువ్వు. నీ చేతిలోని అట్ట ముందున్న పిల్లగాని తల వెనక పడిపోయింది, ఏం రాసుందో కనపడలేదు. ఇందిరాపార్కు నుంచి మన గల్లీకి నడిస్తే పది నిమిషాలు బిడ్డా. అంత దూరం నుంచి వచ్చి, ఆ పది నిమిషాలు నడవలేకపోయినావా?

ధర్నా ఎందుకని అడిగితే మనోరమమ్మ భర్త కిషన్‌రావు సార్ చెప్పినాడు. సర్కారు డాక్టర్లు సొంత క్లినిక్ పెట్టుకోకూడదని, చదువైనాక మూడేళ్లు ఊరి దవాఖానల్లోనే చేయాలని కొత్త రూలు వస్తుందట. అది వద్దని మీరు కూర్చున్నారట. "గిట్ల చేస్తే తెలివిగలోడు ఎవడన్న డాక్టర్ చదువుతడా ఆశమ్మా? మా తన్మయిని గూడ మెడికల్ మాన్పిస్త, కంప్యూటర్‌ల ఏస్త" అన్నాడు. తన్మయి వాళ్ల బిడ్డ, నారాయణగూడ కాలేజీలో అన్నింట్లో ఫస్టు. నేను ఊరుకోలేదు. "మా సరిత తెలివి లేకనే సీటు కొట్టిందా సార్? ఆమె అడవిలనే ఉన్నది" అన్నాను. ఆయన పేపరు మడిచి నీ ఫోటో మీద వేలు పెట్టి, "ఉన్నదా మరి?" అన్నాడు.

నీకు తెలిసిందే, అయినా రాస్తున్నాను, రాస్తే గుండె బరువు జర దిగుతుంది. వచ్చే శ్రావణానికి మీ అన్న పోయి ఏడేళ్లు. ఊళ్లో కలుపు తీయడానికని మాతోపాటు పోయిన పిల్లగాడు, ఇరవై రెండేళ్లు, పాము కాటేసిందంటే మీ నాయన భుజాన వేసుకొని దవాఖానకు ఉరికినాడు. మంచం మీద పడుకోబెట్టి డాక్టరేడీ అంటే, అన్నం తినపోయిండు అన్నారు. నా కొడుకు నురగలు కక్కుతుంటే ఆయన బువ్వ తింటున్నాడు. వచ్చినప్పుడు కూడా చూసినాను, వేళ్లకు మెతుకులు. ఆ ఎంగిలి చెయ్యి నా కొడుకు ఛాతీ మీద పెట్టినాడు.

పదకొండో దినం నాడు సంతోష్ ఫోటో మీద నీ చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. డాక్టరైతా, రోగిని విడిచి పోను అన్నావు. ఆ ఒట్టే మనకున్న ఆస్తి. అది మరిచి ధర్నాలో కూర్చున్నావని ఎవరన్నా నమ్మను, నువ్వు చెప్తేనే నమ్ముతాను. చెప్పు.

బస్సు డ్రైవరుతో జొన్న రొట్టెలు, పల్లిపొడి పంపుతున్నాను. పిట్ట లెక్క తింటావని ఆ పేరు పెట్టింది మీ అన్ననే. పిట్టలన్నా పొద్దంతా తింటాయి. వేళకు తిను.

నీ అమ్మ
ఆశమ్మ


గుండ్లవాగు
27 జూన్ 2025

అమ్మా,

ఉత్తరం అందింది. రొట్టెలు కూడా అందాయి. నర్సులకు పంచాను. అందరూ బాగున్నాయన్నారు.

ధర్నాకు వచ్చిన మాట నిజమే. ఇంటికి రానిదీ నిజమే. ఎందుకు రాలేదో ఇప్పుడు రాయలేను.

ఒక మాట ముందే చెప్పాలి. నేను ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. ఈ ఉద్యోగమొక్కటే కాదు, డాక్టర్ పనే వదిలేద్దామనుకుంటున్నాను. నా బదులు ఎవరైనా వచ్చేదాకా వదలరట. ఆగస్టు చివరిదాకా అంటున్నారు.

నిన్ను ఒక్కటే అడుగుతాను. నువ్వు అనదలచుకున్నది ముందువైపే అనొచ్చు కదా. కాగితం వెనకవైపు ఎందుకు రాయించి పంపావు? "వైద్యరంగ సంస్కరణలు ప్రతిభావంతులను వైద్యవృత్తికి దూరం చేస్తాయా? చర్చించండి" అని ప్రశ్న, కింద జవాబు. "జీతానికీ సుఖానికీ భయపడి వెనుదిరిగేవారిని ప్రతిభావంతులనడం సరికాదు. అటువంటివారు పోవడం వల్ల సమాజానికి ఏ నష్టమూ లేదు." ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత. ఎర్ర పెన్నుతో దిద్దకు అని నాకు చెప్పి, నువ్వే నన్ను దిద్దావు.

నష్టం లేకపోతే మంచిదే కదమ్మా. పోతాను.

సరిత


అశోక్‌నగర్
4 జూలై 2025

సరితా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివితే గానీ నువ్వేం అంటున్నావో నాకు తెలియలేదు. వెనకవైపు ఏముందో నేను చూడనే లేదు. నేను తెల్లకాగితాలు కొంటానా? మెస్సులో తినే పిల్లలు పరీక్షలు రాసి పారేసిన కాగితాలు ఒకవైపు ఖాళీగా ఉంటాయి. అవి పోగుచేసి సామాన్ల చిట్టీలు రాస్తాను, నీకూ వాటి మీదనే రాసినాను. ఇప్పుడు ఈ కాగితం వెనక కూడా నదుల పేర్లో ఏవో ఉన్నాయి, అది నా మాట అనుకోకు.

ఆ జవాబు తరుణ్ అనే పిల్లగానిది. రోజూ రెండోసారి సాంబారు అడిగేవాడు. వాణ్ని పిలిచి అడిగితే నెత్తి గోక్కున్నాడు. "ఆశక్కా, గది మంచి ఆన్సరే, మా కోచింగ్ సార్‌కే నచ్చలే. ఎర్ర గీత కొట్టి 'ఏకపక్షం' అని రాసిండు, పదికి నాలుగే ఏసిండు." నీ చేతికి పోయిందంటే భయపడినాడు. "డాక్టరక్క నన్ను సూదులతోని పొడుస్తదేమో, జర నా పేరు చెప్పకు" అన్నాడు. చెప్పేసినాను.

మళ్లీ ఒకసారి చదివి వినిపించమన్నాను. చదివినాడు. విన్నాక నాకేమనిపించిందో చెప్పనా? నేను పంపలేదు. కానీ అందులో తప్పేమున్నదో నాకు తెలుస్తలేదు.

కోపంల పుస్తకం భాష రాదు, ఎట్లొస్తే అట్ల రాస్తున్న. మూడేండ్లు ఊర్ల ఉండమంటే పానం పోతదా నీకు? నీ తల్లి ఇరవై ఏండ్ల నుంచి పొయ్యి ముందట నిలబడ్డది, ఏ రూలు అడ్డమొచ్చింది నాకు? క్లినిక్ పెట్టి కారుల తిరగాలనా? దాని కోసమేనా మీ అన్న ఫోటో మీద చెయ్యి పెట్టింది? నేను వట్టి కాళ్లతోని నిలబడి చేసిన రొట్టె నీకు నోటికి పడతలేదు, నర్సులకు పంచినవు. గొప్పదానివైనవు. పనోళ్లకు పెట్టినవు, తల్లి చేతి వంటను.

పొయ్యేటోళ్లు పోనీ అని రాసిండు ఆ పిల్లగాడు. మంచిగనే రాసిండు. ఆ రోజు అన్నం తినపోయినోడు, నువ్వు, ఒక్కటే. ఆయన పది నిమిషాలకు పోయిండు, నువ్వు మొత్తానికే పోతున్నవు.

సంతోష్ ఉంటే నీతో మాట్లాడకపోయేటోడు.

ఆశమ్మ


గుండ్లవాగు
12 జూలై 2025

అమ్మా,

నీ ఉత్తరం చదివాను. అన్నింటికీ జవాబు చెప్పలేను, చెప్పగలిగినవి చెప్తాను.

రూలుకు నేను భయపడలేదు. రూలు వద్దని కూర్చోలేదు. ఆ ధర్నాలో సగం మంది రూలు వద్దన్నారు, నా అట్ట మీద మాత్రం "ఇంకో డాక్టరును ఇవ్వండి" అని ఉంది. ఫోటోలో అది కనపడకపోతే నేనేం చేయను? ఈ దవాఖానలో డాక్టర్ కుర్చీలు నాలుగు. ఒకాయన్ని జిల్లా ఆఫీసు పనికి తీసుకున్నారు, ఒకామె పురిటి సెలవులో ఉంది, ఒకటి రెండేళ్లుగా ఖాళీ. నాలుగోది నాది. వచ్చే రోగులు రోజుకు రెండు వందలు దాటుతారు. నీ మెస్సంత మంది. అక్కడ నువ్వూ పద్మక్కా ఉన్నారు.

ఆ తరుణ్ మీద కోపం లేదు. బాగా రాశాడు. నాకు కూడా ఒకప్పుడు అట్లాగే అనిపించేది.

రొట్టెలు పంచింది చులకనతో కాదు. ఇంక తిండి ఏదీ పంపకు. దయచేసి పంపకు.

ఆ డాక్టరును నువ్వు ఏమేమని తిట్టేదానివో నాకు గుర్తుందమ్మా. ఇప్పుడైతే రోజూ గుర్తొస్తుంది. నేనూ అతనూ ఒక్కటే అని రాశావు. సరిగ్గానే రాశావు.

ఇంక రాయకు.

సరిత


అశోక్‌నగర్
21 జూలై 2025

పిట్టా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. పంపొద్దన్నా మళ్లీ డబ్బా పంపినాను, బస్సు డ్రైవరు అది అట్లనే వెనక్కి తెచ్చినాడు. "మేడమ్ తీస్కోలేదమ్మా, వద్దన్నది" అన్నాడు. మూత తీస్తే పైన బూజు. నేను కట్టిన బట్ట ముడి కూడా విప్పలేదు.

ఆ డబ్బా కడుగుతుంటే నాకు ఒకటి తట్టింది. ఇరవై ఏళ్లుగా మెస్సులో వడ్డిస్తున్నాను. ఎవరు కోపంతో తినరో, ఎవరు తినలేక తినరో ప్లేటు చూస్తే నాకు తెలుస్తుంది. కోపంగా ఉన్నవాడు ప్లేటు నెట్టేస్తాడు, సాయంత్రం ఆకలికి వచ్చి రెండింతలు తింటాడు. తినలేనివాడు ప్లేటు ముందే తీసుకోడు. వరుసలో నిలబడి తన వంతు వచ్చేసరికి ఎటో పోతాడు. పోయిన ఏడాది అనుదీప్ అని ఒక పిల్లగాడు నాలుగు రోజులు అట్లనే చేస్తే నేనే పోయి రూము తలుపు కొట్టినాను. వాళ్ల నాయన చనిపోయిన కబురు వచ్చిందట, ఎవరికీ చెప్పలేదు.

నీ సంగతి నాకు అర్థమయ్యేటందుకు డబ్బా వెనక్కి రావాల్సి వచ్చింది. నేను తల్లినా, ఇంకేమన్నానా?

నిన్న తన్మయి వంటగదిలోకి వచ్చి నా పక్కన పీట వేసుకొని కూర్చున్నది. "ఆంటీ, డాడీ ఒకటంటడు, మమ్మీ ఒకటంటది. సరితక్క ఏమంటది? నేను చదవాల్నా వద్దా?" అన్నది. చిన్నప్పుడు బొమ్మలకు సూదులిచ్చిన పిల్ల అది. "అక్కనే అడిగి చెప్తా" అన్నాను. ఏమని చెప్పను? నాకే తెలియదు నువ్వేమంటావో. నీకు తెలియకుండానే నీ తరఫున అందరితో కొట్లాడినాను, మళ్లీ నీతోనూ కొట్లాడినాను.

పోయిన ఉత్తరంలో మీ అన్న పేరు తెచ్చి ఒక మాట రాసినాను. అది కొట్టేసుకో. వాడు ఉంటే నాతో మాట్లాడకపోయేవాడు.

నేను ఇంక రూలు గురించి అడగను. ఒట్టు గురించి అడగను. ఒక్కటే అడుగుతున్నాను. ఏం జరిగింది బిడ్డా?

అమ్మ


గుండ్లవాగు
29 జూలై 2025

అమ్మా,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. చదివాక నన్ను ఏమన్నా అను.

జూన్ పదకొండు, బుధవారం. మంగళవారం పొద్దున ఎనిమిదికి డ్యూటీ ఎక్కాను, బుధవారం మధ్యాహ్నమైనా దిగలేదు. దింపడానికి ఎవరూ లేరు. బుధవారం పొద్దున పదకొండుకు బుగ్గమ్మ అనే అమ్మాయికి కాన్పు చేశాను. ఇరవై ఏళ్లు, తొలి కాన్పు. ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. వాళ్లమ్మ కురుమమ్మ సంతోషంతో నా రెండు చేతులూ పట్టుకొని కళ్లకద్దుకుంది. మధ్యాహ్నం రెండింటిదాకా నాలుగుసార్లు పోయి చూశాను. నాడి బాగుంది, రక్తస్రావం లేదు.

ముందురోజు రాత్రి నుంచి నేనేమీ తినలేదు. గోడ పట్టుకొని నడుస్తున్నాను. నర్సు అంబికక్క చూసింది. "మేడమ్, మీరు పడిపోతే మమ్ముల ఎవరు చూస్తరు? రెండు ముద్దలు తినిరాండి, నేనున్న గద" అంది. వెనక గదిలోకి పోయి పెరుగన్నం డబ్బా విప్పాను. మూడో ముద్ద చేతిలో ఉండగా అంబికక్క కేక వినపడింది.

నేను ఆ గదిలో ఉన్నది ఎనిమిది నిమిషాలు. గోడ గడియారం చూసే పోయాను, అందుకే తెలుసు.

బుగ్గమ్మ పరుపు అప్పటికే రక్తంతో తడిసిపోయింది. చేయగలిగిందంతా చేశాను. రెండు చేతులతో గర్భసంచి పట్టి నొక్కుతూనే ఉన్నాను. మా దగ్గర రక్తం లేదు. అంబులెన్సు వచ్చేసరికి గంట పట్టింది. బండిలో కూడా నొక్కుతూనే కూర్చున్నాను. సగం దారిలో పోయింది. ఎనిమిది నిమిషాల ముందు చూసి ఉంటే బతికేదా? నాకు తెలియదు. బతికేది కాదని అంబికక్క అంటుంది. పుస్తకం అవుననదు, కాదనదు.

వెనక్కి వచ్చాక కురుమమ్మ నా ఎదురుగా నిలబడింది. కొట్టలేదు. మిగతావాళ్లు నన్ను తోశారు, కోటు చింపారు, ఆమె ముట్టుకోలేదు. నా కుడిచేతి వంక చూసింది. చేతి తొడుగు వేసుకునే తీరిక ఎక్కడిది? రక్తం ఎండిపోయి ఉంది, వేళ్ల సందున మెతుకులున్నాయి. "నా బిడ్డ సస్తుంటే బువ్వ తింటున్నవా అమ్మా? నీ కడుపు నిండెనా?" అంది.

అది నాకు ఆమె గొంతులా వినపడలేదమ్మా. నీ గొంతే.

ఆదివారం ధర్నాకు వచ్చాను. అయిపోయాక చిక్కడపల్లి చౌరస్తాదాకా నడిచాను. మన గల్లీ మొదట్లో నిలబడితే మెస్సు పోపు వాసన వచ్చింది. అక్కడి నుంచి తిరిగి పోయాను. నువ్వు ప్లేటు పెడతావు, తినమంటావు, నేను ఆ చెయ్యి ఎట్లా చాపాలి నీ ముందు?

ఆ రోజు నుంచి అన్నం దిగడం లేదు. కలుపుతాను, నోటిదాకా తెస్తాను, అంతే. టీ, బిస్కెట్లతో గడుస్తోంది. డ్యూటీ మాత్రం మానలేదు. రోజూ ఆ గది ముందు నుంచే పోతున్నాను.

తన్మయికి ఏం చెప్పాలో నాకు తెలియదు. రమ్మని చెప్పే ధైర్యం లేదు. వద్దనడానికి కూడా మనసు రావడం లేదు.

ఒట్టు తప్పాను. రోగిని విడిచి పోయాను, ఎనిమిది నిమిషాలు. ఏడేళ్లు నువ్వు తిట్టిన మనిషిని నేనే.

సరిత


అశోక్‌నగర్
6 ఆగస్టు 2025

నా పిట్టా, నా బంగారు పిట్టా,

నీ ఉత్తరం పొయ్యి ముందర చదివినాను. అన్నం అడుగంటింది. ఇరవై ఏళ్లలో ఎప్పుడూ కాలేదు. రెండు వందల మంది మాడు వాసన అన్నం తిన్నారు. తరుణ్ ఒక్కడు, "ఆశక్కా, ఇయ్యాల ఏంది బిర్యానీ లెక్క పొగ వాసన పెట్టినవ్?" అని నవ్వబోయి, నా మొఖం చూసి ప్లేటు తీసుకొని నెమ్మదిగా పోయినాడు. పద్మ నా చేతిలోంచి గరిటె గుంజుకొని, "నువ్ జర కూసో పోక్కా, నేను చూస్త" అన్నది. కూర్చున్నాను. అప్పుడే తెలిసింది, నాకు కూర్చో పో అనే మనిషి ఉన్నది, నా బిడ్డకు లేదు. పొయ్యి దగ్గర ఒక్కదాన్నే ఉన్న రోజు నేను మంట ఆర్పి తింటాను. మనిషి పానాన్ని ఎట్ల ఆర్పి తింటావు నువ్వు?

సాయంత్రం మీ నాయనకు చదివి వినిపించినాను. వింటున్నంతసేపు తల ఎత్తలేదు. అయిపోయినాక అన్నాడు, "ఆశా, ఆ డాక్టరు చెయ్యి కడుక్కోకుంటనే ఉరికొచ్చిండు."

"అదే కదా నేను ఏడేండ్ల నుంచి అంటున్న" అన్నాను.

"నువ్ అంటున్నది వేరే. ఆయన తినే గది తలుపు నాకు కనవడ్తుండె. పిలుపు వినంగనే డబ్బా పడేసిండు, అన్నమంత నేల మీద పడ్డది. చెప్పులు గూడ లెవ్వు. కడుక్కుంటె ఒక నిమిషం వోతదని కడుక్కోలె. పిల్లగాడు పోయినంక గోడకు ఆనుకొని కూసున్నడు. నేను చూసిన."

"ఏడేండ్లు ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నాను.

"నువ్ వినే తీరుల లేకుంటివి. ఆయనను తిట్టకుంటే నువ్ పొద్దున లేస్తవో లేవవో అని భయపడ్డ" అన్నాడు.

ఎంగిలి చెయ్యి అని చూసినాను బిడ్డా నేను. అది ఉరికొచ్చిన చెయ్యి అని చూడలేదు. నా కొడుకు పోయిన గుడ్డితనంలో చూడలేదు. ఆ కథే నీకు రోజూ చెప్పి పెంచినాను. నీకు పాలు పోసినట్టు విషం పోసినాను.

మొన్న ఆదివారం సంతోష్ దినం. ఎప్పటిలాగే ఫోటో ముందు విస్తరి వేసి అన్నం పెట్టినాను. ప్రతి ఏడూ వడ్డించుకుంటూ ఆ డాక్టరును తిడతాను కదా, ఈసారి కూడా నోరు తెరిచినాను. తిట్టు బదులు, "ఆయన కూడా తిన్నాడో లేదో" అన్నాను. మీ నాయన నా వంక చూసి బయటికి పోయినాడు.

ఇప్పుడు ఒక మాట చెప్తాను, తట్టుకో. నువ్వు నా బిడ్డవు, కానీ నేను కురుమమ్మను కూడా. ఆమె నిన్ను తిడుతుంది. చాన్నాళ్లు తిడుతుంది. ఆమె మనసు మారుతుందని ఎదురుచూడకు, పోయి కాళ్ల మీద పడకు, నా తప్పు లేదని చెప్పబోకు. ఆమెకు ఇప్పుడు తిట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. నేను బతికింది అట్లనే. ఆమె తిట్టనీ. కానీ ఆ తిట్టు నీ ప్లేటులో వేసుకోకు.

ఒట్టు సంగతి. ఫోటో మీద నీ చెయ్యి పెట్టించింది నేను. నీకు పదిహేడేళ్లు, ఏం తెలుసని పెట్టించినాను? నిన్న అదే ఫోటో మీద నా చెయ్యి పెట్టి, ఆ ఒట్టు వాపసు తీసుకుంటున్నా కొడుకా అని చెప్పినాను. నీ మీద ఇంక ఏదీ లేదు. అక్కడే ఉండు అని నేను చెప్పను, వచ్చేయ్ అనీ చెప్పను. ఆగస్టు ఆఖరుకు ఎటు మనసైతే అటు. డాక్టరుగా వచ్చినా, వట్టి సరితగా వచ్చినా, మెస్సు వెనక తలుపు ఎటు తెరుచుకుంటుందో నీకు తెలుసు.

తన్మయికి నీ దుఃఖం చెప్పలేదు, అది నీది. అక్క నాలుగు కుర్చీల కాడ ఒక్కతే ఉన్నది, తినే తీరిక లేదు, అంతే చెప్పినాను. ఆ పిల్ల పిండిలో వేలితో గీతలు గీసుకుంటూ కూర్చున్నది. "ఆంటీ, నాకు రూలంటే భయం లేదు. ఊరంటే గూడ భయం లేదు. గట్ల ఒక్కదాన్నే అంటే నాతోని కాదు" అన్నది. నిన్న కిషన్‌రావు సార్ కంప్యూటర్ కోర్సు ఫారం తెచ్చినాడు, సంతకం పెట్టేసింది. ఆయన వచ్చి, "చూసినవా ఆశమ్మా, నేను చెప్పలే? రూలుకు భయపడి తెలివిగలోళ్లు రారని" అన్నాడు. కాదు సార్ అని చెప్పబోయినాను. ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు. మంచి పిల్ల. నీ దగ్గర ఉంటే నీకు ఇంత ముద్ద తినే ఆసరా అయ్యేది.

తరుణ్ ఆ జవాబు మళ్లీ రాస్తానన్నాడు. ఏమని రాస్తావురా అంటే, "డాక్టరక్క తింటున్నదో లేదో తెలుసుకొని రాస్త" అన్నాడు. వాడికి ఏమీ చెప్పలేదు నేను. తన్మయి చెప్పగా విన్నాడేమో.

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. శనివారం పొద్దున మొదటి బస్సుకు మీ నాయన వస్తున్నాడు, ఆయన చేతికే ఇస్తున్నాను. ఆయన చేతిలో డబ్బా ఉంటుంది. పెరుగన్నం పెట్టలేదు, అది చూస్తే నీకు ఆ రోజు గుర్తొస్తుంది. రెండు జొన్న రొట్టెలు, పచ్చిపులుసు, పల్లిపొడి. కాగితంలో చుట్టలేదు, కొత్త బట్టలో కట్టినాను, వెనకవైపు ఏమీ లేదు. మీ నాయన ఏమీ మాట్లాడడు. నీ ముందర కూర్చుంటాడు, అంతే. నువ్వు తినేదాకా లేవొద్దని చెప్పినాను.

మధ్యలో ఎవరన్నా పిలిస్తే ఉరుకు. చెయ్యి కడుక్కోకుండానే ఉరుకు. మళ్లీ వచ్చి కూర్చో, నాయన డబ్బా పట్టుకొని అక్కడే ఉంటాడు. మిగిలింది తిను.

ఇంతే, అమ్మను. కడుపునిండా తిను బిడ్డా.